వెట్టి విముక్తికి బాటవేసిన మాడపాటి

తెలంగాణ ప్రజలు 'ఆంధ్ర పితామహు'డని గౌరవించిన మాడపాటి హనుమంతరావు 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా ఎర్రుపాలెంలో జన్మించారు. సూర్యాపేట, హనుమకొండలలో విద్యాభ్యాసం సాగించి, ఉర్దూ, పారశీక భాషలలో ప్రావీణ్యం సంపాదించారు. అనంతరం హైదరాబాదులో న్యాయవాదిగా స్థిరపడ్డారు.

ఆనాడు నిజాం రాజ్యంలో వెట్టిచాకిరి పల్లెలను పీడిస్తుండేది. అధికారి ఊరికి వస్తే చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలైన వృత్తులవారు కూలి లేకుండా శ్రమించవలసిందే. వర్తకులు సరుకులను ఉచితంగానో, చెప్పిన ధరకో ఇచ్చుకోవలసిందే. దొరల గడీలలోనూ ఇదే తీరు. అప్పు తీర్చలేనివాడు భాగేలాగా మారి, ఏళ్ల తరబడి ఆ ఇంటనే పడి ఉండేవాడు.

1921లో హైదరాబాదులో ఆంధ్ర జనసంఘం ఏర్పడింది. మాడపాటి దానికి కార్యదర్శి. వెట్టి కూడదన్న ప్రభుత్వ ఉత్తరువులు అప్పటికే ఉన్నాయి. కాని అవి ఉర్దూలో దఫ్తరాలకే పరిమితమై ఉండేవి. సంఘం వాటిని తెలుగులో చిన్న పుస్తకంగా ప్రచురించి పల్లెలకు చేర్చింది. తమకు గల హక్కు ప్రజలకు అప్పుడు తెలిసివచ్చింది.

1935లో కరీంనగర్ జిల్లా సిరిసిల్లలో జరిగిన నాల్గవ ఆంధ్ర మహాసభకు మాడపాటి అధ్యక్షత వహించారు. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం భాగేలా ఒప్పందాలను నియంత్రిస్తూ శాసనం చేసింది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం, 23వ అధికరణం ద్వారా వెట్టిని నిషేధించింది.

మాడపాటి 1928లో బాలికలకు తెలుగు పాఠశాల నెలకొల్పారు. 1951లో హైదరాబాదు నగర మేయరయ్యారు. 1955లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్నారు. తరువాత ఆంధ్రప్రదేశ్ శాసనమండలి అధ్యక్షులుగానూ సేవలందించి, 1970 నవంబరు 11న పరమపదించారు.

వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం వచ్చినది 1976లో. ఆ తరువాత కూడా, 1978లో, అదే సిరిసిల్లతో పాటు జగిత్యాల ప్రాంతంలోనూ కూలీలు వెట్టికి వ్యతిరేకంగా ఉద్యమించవలసి వచ్చింది. మరి వెట్టి ఏనాడు రద్దయినట్లు? ఈ ప్రశ్న మనకే పరిమితం కాదు. బ్రిటన్ 1833లోనే బానిసత్వ నిర్మూలన చట్టం చేసింది. అయినా దాని వలసలలోని బానిసలు 1838 వరకు పాత యజమానుల కిందనే పనిచేశారు. ఆ చట్టం కంపెనీ పాలనలోని భారతదేశానికి వర్తించలేదు. ఇక్కడ 1843లో వేరొక శాసనం వచ్చినా, హైదరాబాదు సంస్థానం దాని పరిధిలోకి రాలేదు.

శాసనం పుట్టిన తేదీ వేరు, అది పేదవాని గుడిసెను చేరిన తేదీ వేరు. ఈ రెండు తేదీల నడుమ దూరాన్ని తగ్గించడానికే మాడపాటి శ్రమించారు. తన హక్కును తన భాషలో తెలుసుకున్న మనిషే దానిని సాధించుకోగలడని ఆయన జీవితం చాటుతున్నది.