డాక్టర్ హమీదుల్లా గారి అద్దె ఇల్లు

ఉస్మానియా విశ్వవిద్యాలయమున అంతర్జాతీయ న్యాయశాస్త్రము బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు 1948లో నిజాం ప్రతినిధివర్గముతో ఐక్యరాజ్యసమితి సమావేశములకై పారిస్ చేరిరి. ఆ సెప్టెంబరులోనే, మన వనపర్తి సంస్థానము కూడ అంతర్భాగమైన హైదరాబాదు రాజ్యము పోలీసు చర్యతో భారతదేశమున కలిసిపోయెను. ఆయన మరల రాలేదు. ఏ దేశ పౌరుడును కాక, శరణార్థి పత్రములతో అచ్చటనే నిలిచిరి. రాజ్యముల హక్కులు బోధించిన పండితునికే రాజ్యము లేకపోవుట ఎంత విచిత్రము!

ర్యూ ద తుర్నో వీధిలో, లిఫ్టు లేని పాత భవనపు పై అంతస్తున చిన్న ఇల్లు అద్దెకు తీసికొని, గ్రంథముల నడుమ ఒంటరిగా దశాబ్దములు గడపిరి. 1959లో ఆయన ఖురాన్ ఫ్రెంచి అనువాదము వెలువడినది. ఫ్రెంచి పౌరసత్వము మాత్రము స్వీకరింపలేదు. 1985లో పాకిస్తాన్ ప్రభుత్వమిచ్చిన పురస్కారపు సొమ్మును ఇస్లామాబాదులోని పరిశోధన సంస్థకే ఇచ్చివేసిరి. 1996లో అనారోగ్యము ఆయనను ఆ మెట్లు దింపినది. 2002 డిసెంబరు 17న అమెరికాలోని జాక్సన్‌విల్‌లో, బంధువుల సంరక్షణలో కన్నుమూసిరి.