హ్యాంక్‌కు పాట నేర్పిన వీధి గురువు

అమెరికా దక్షిణాది పల్లెల పాటను కంట్రీ మ్యూజిక్ అంటారు. అందులో ఎంతో పేరు పొందిన హ్యాంక్ విలియమ్స్ 1923 సెప్టెంబరు 17న అలబామా రాష్ట్రంలోని మౌంట్ ఆలివ్‌లో పుట్టాడు. అసలు పేరు హైరమ్. పుట్టుకతోనే వెన్నులో లోపం ఉంది. బరువు పనులు చేయలేడు. అతనికి ఆరేళ్ల వయసులో తండ్రి జబ్బుపడి మాజీ సైనికుల ఆసుపత్రిలో చేరాడు. ఏళ్ల తరబడి ఇంటికి రాలేదు. తల్లి లిల్లీ పూటకూళ్ల ఇల్లు నడిపింది. పిల్లవాడు వేరుశనగలు అమ్మాడు, బూట్లు పాలిష్ చేశాడు.

జార్జియానా, గ్రీన్‌విల్ వీధుల్లో రూఫస్ పేన్ అనే నల్లజాతి గాయకుడు గిటారు వాయించేవాడు. అందరూ టీటాట్ అని పిలిచేవారు. హైరమ్ అతని వెంటపడ్డాడు. తెల్లవారికీ నల్లవారికీ బడులు, గుడులు, కూర్చునే చోట్లు కూడా వేరుగా ఉన్న రోజులవి. అయినా పేన్ నేర్పాడు. గిటారు మీద వేళ్లు ఎలా పడాలో, తాళం ఎలా నిలవాలో, దారినపోయేవాణ్ణి పాటతో ఎలా ఆపాలో చూపించాడు. ఈ చివరిది ఏ పాఠ్యప్రణాళికలోనూ ఉండదు. తరగతి గదిలో రోజూ మాకు కావలసింది మాత్రం అదే. ఫీజు ఏమిటంటారా? చిల్లర డబ్బులు, లేదంటే లిల్లీ వండిపెట్టిన భోజనం.

1937లో కుటుంబం మాంట్‌గోమరీకి మారింది. అక్కడి రేడియోలో హ్యాంక్ గొంతు వినిపించసాగింది. 1939లో బడి మానేశాడు. అదే ఏడాది అదే నగరంలో పేన్ పేదరికంలోనే చనిపోయాడు.

ఆ తర్వాత పదేళ్లూ ఊరూరా కచేరీలు, మధ్యలో తాగుడు. 1946లో నాష్‌విల్‌లో ఫ్రెడ్ రోజ్ అతని పాటల్లోని సత్తాను గుర్తించాడు. 1949 జూన్ 11న గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదికపై పాడితే జనం మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. స్వరలిపి చదవడం అతనికి ఎన్నడూ రాలేదు. సంగీతంలో తనకు అబ్బిన శిక్షణంతా టీటాట్ ఇచ్చిందేనని మాత్రం దాచకుండా చెప్పాడు. నల్లవాణ్ణి గురువని చెప్పుకోవడం ఆనాటి అలబామాలో చిన్న విషయం కాదు.

1953 జనవరి 1న, కచేరీకి వెళుతూ కారులోనే హ్యాంక్ కన్నుమూశాడు. 29 ఏళ్లు. మాంట్‌గోమరీలో అంత్యక్రియలకు వేలమంది వచ్చారు. అదే నగరంలోని లింకన్ శ్మశానంలో పేన్‌ను పూడ్చారు. ఏ చోటనో తెలియదు. తర్వాతెప్పుడో నిలిపిన స్మారక శిల ఒకటి ఉంది.