అడగనిదే తలుపు తీయని యంత్రం – టామ్ కిల్‌బర్న్

ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో సిస్టమ్ కాల్ గురించి రెండు మార్కుల ప్రశ్న వస్తుంటుంది. జవాబు మనందరికీ కంఠతా వచ్చు. ఆ రెండు మార్కుల వెనకున్న మనిషిని పరిచయం చేద్దామనే నా ప్రయత్నం.

టామ్ కిల్‌బర్న్ 1921 ఆగస్టు 11న ఇంగ్లండులోని డ్యూస్‌బరీలో జన్మించారు. కేంబ్రిడ్జిలో గణితం చదివారు. యుద్ధకాలంలో రాడార్ పరిశోధనకు వెళ్ళి, అక్కడ ఫ్రెడ్డీ విలియమ్స్ దగ్గర పనిచేశారు. యుద్ధం ముగిశాక ఇద్దరూ మాంచెస్టర్ యూనివర్సిటీ చేరారు. టీవీ పిక్చర్ ట్యూబులాంటి గాజుగొట్టం మీద అంకెల్ని చుక్కలుగా నిలబెట్టి, 1948 జూన్ 21న ‘బేబీ’ అనే చిన్న కంప్యూటర్ని నడిపించారు. అందులో నడిచిన మొదటి ప్రోగ్రాము రాసింది కిల్‌బర్నే.

చాలామంది ఆయన కథని ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం ఆ తర్వాతి భాగమే ఇష్టం. 1956లో ఆయన ఇంకా పెద్ద యంత్రానికి పూనుకున్నారు. ఫెరాంటీ కంపెనీ చేయి కలిపింది. అట్లాస్ అనే ఆ యంత్రం 1962 డిసెంబరు 7న ప్రారంభమైంది. ఒకేసారి అనేకమంది ప్రోగ్రాములు అందులో ఉండేవి. ఒకరి ప్రోగ్రాములో తప్పుంటే పక్కవాళ్ళ పని పాడవకూడదు. మరి దారేమిటి?

పటమటవాణ్ణి కనక కాలవ పోలికే చెప్తాను. రైతులు ఎవరికివారు వెళ్ళి తూము తలుపు ఎత్తేసుకుంటే శివారు పొలానికి చుక్క నీరు అందదు. అందుకే లస్కరు ఉంటాడు. అడిగితే వంతు చూసి తలుపు ఎత్తేది అతనే.

అట్లాస్‌లో ఆ లస్కరు పేరు సూపర్‌వైజర్. డేవిడ్ హోవర్త్ బృందం రాసిన ప్రోగ్రాము అది. టేపు చదవాలన్నా, అచ్చు వేయాలన్నా మన ప్రోగ్రాము ‘ఎక్స్‌ట్రాకోడ్’ అనే ఆదేశం ఇచ్చి అడగాల్సిందే. చూడ్డానికది మామూలు కూడిక ఆదేశంలాగే ఉంటుంది, కాకపోతే దాని కోడులో మొదటి బిట్ 1. అది కనపడగానే అదుపు మన ప్రోగ్రాము చేయి దాటి, ఆ నంబరుకి కేటాయించిన చోటికి పోతుంది. ఆ చోటు ఉండేది తీగల వలలో ఫెరైట్ కడ్డీలు గుచ్చి చేసిన స్థిరమైన మెమరీలో. దాన్ని ఏ ప్రోగ్రామూ చెరపలేదు. పని అయ్యాక అదుపు మళ్ళీ అడిగినవాడి దగ్గరికే వస్తుంది.

నేటి సిస్టమ్ కాల్ నడిచేదీ ఇలాగే. 64 బిట్ల ఇంటెల్ తరహా యంత్రాల మీద లినక్స్‌లో ‘రీడ్’ నంబరు 0, ‘రైట్’ నంబరు 1. కెర్నెల్లో రైట్‌ని నిర్వచించే చోట ‘సిస్‌కాల్ డిఫైన్ 3’ అని రాస్తారు. 3 అంటే మూడు ఆర్గ్యుమెంట్లు: ఏ ఫైలుకి, ఎక్కణ్ణించి, ఎన్ని బైట్లు. ఎంత పెద్ద కాల్ అయినా ఆర్గ్యుమెంట్లు ఆరుకి మించవు. మనమిచ్చిన అడ్రసు మన హద్దులోదేనా అని కెర్నెల్ చూసుకోవాలి. హద్దు దాటితే ఎర్రర్ నంబరిచ్చి పంపేయాలి.

ఆ తనిఖీ ఉత్త లాంఛనం కాదు. 2017లో ‘వెయిట్ ఐడీ’ అనే కాల్‌లో అదొక్కటి తప్పిపోయింది. దాంతో మామూలు యూజరు కూడా కెర్నెల్ మెమరీలో రాయగలిగే సందు ఏర్పడింది. తెలిశాక అదే ఏడు సరిచేశారు. లస్కరు ఒక్క తూము దగ్గర ఏమరితే చాలు, కాలవ మొత్తం పరాయివాడి చేతికి పోతుంది.

కిల్‌బర్న్ 1964లో మాంచెస్టర్‌లో కంప్యూటర్ సైన్స్ శాఖను స్థాపించి, 1981లో రిటైరై, 2001 జనవరి 17న కన్నుమూశారు. మిత్రులారా! ఈసారి లాబ్‌లో తెర మీద ఒక్క అక్షరం అచ్చు వేయించినా, అది ఎవరిని అడిగితే వచ్చిందో ఒక్కసారి తలుచుకోండి.