డాలర్ నోటు మీద మూసుకున్న పెదవులు



ఒక్క డాలర్ నోటు మీద జార్జ్ వాషింగ్టన్ బొమ్మను ఎప్పుడైనా గమనించారా? పెదవులు గట్టిగా బిగించి ఉంటాయి. ఆ బిగింపు వెనుక జీవితకాలపు పంటి బాధ ఉంది.

ఆయన 1732లో వర్జీనియాలో పుట్టారు. పదకొండేళ్లకే తండ్రిని పోగొట్టుకున్నారు. సర్వేయర్‌గా మొదలై, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సేనాధిపతి అయ్యారు. అంతటి మనిషీ పంటి నొప్పిని మాత్రం గెలవలేకపోయారు. 24 ఏళ్ల వయసులో తొలి పన్ను పీకించుకున్నారు. బ్రష్, పళ్లపొడి వాడినా ఒక్కొక్కటిగా పళ్లు పోతూనే వచ్చాయి. 1789లో తొలి అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి నోట్లో మిగిలింది ఒకే ఒక్క సొంత పన్ను!

ఆయనవి చెక్క పళ్లని చాలామంది అంటారు. అది నిజం కాదు. నీటిగుర్రం దంతం, మనుషుల పళ్లు, లోహంతో చేసి స్ప్రింగులు బిగించిన కట్టుడు పళ్లు అవి. 1784లో బానిసల దగ్గర తొమ్మిది పళ్లు కొన్నట్టు ఆయన లెక్కల పుస్తకంలోనే ఉంది. ఆ పళ్లు జారకుండా దవడలు బిగబట్టుకునే ఉండాలి. 1796లో ఆ చివరి పన్నూ పోయింది. నోటు మీది బొమ్మకు ఆధారమైన చిత్రాన్ని గిల్బర్ట్ స్టువార్ట్ గీసింది ఆ ఏడాదే. 1799లో ఆయన కన్నుమూశారు.

ఆయన కాలంలో ఫ్లోరైడ్ పేస్ట్ లేదు, పన్ను పీకడానికి మత్తుమందు లేదు. మన పిల్లలకు అన్నీ ఉన్నాయి. కావాల్సింది మన శ్రద్ధే.

పాల పళ్లే కదా, ఊడిపోతాయిలే అని వదిలేయకండి. పుచ్చి ముందే ఊడిపోతే, తర్వాత వచ్చే పన్నుకు చోటు చాలక వంకరగా రావచ్చు. పైగా ఆరేళ్లప్పుడు, ఏ పన్నూ ఊడకుండానే, అన్నిటికంటే వెనుక దవడ పన్ను వస్తుంది. అది పాల పన్ను కాదు, జీవితాంతం ఉండాల్సింది. ఈ రాత్రే టార్చ్ వేసి చూడండి.

మూడేళ్లలోపు వారికి బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత పేస్ట్ చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా రాత్రి బ్రష్ మీరే దగ్గరుండి చేయించండి. ఆ తర్వాత మంచినీళ్లు తప్ప పాలు కూడా వద్దు.

పన్ను నొప్పి ఉన్న పిల్లలు క్లాసులో అన్నిసార్లూ ఏడవరు. లంచ్ బాక్స్ మూత తీయకుండా కూర్చుంటారు, అంతే. ఈసారి గ్రూప్ ఫోటోలో మన పిల్లలందరూ నోరారా నవ్వాలని కోరుకుంటూ,

మీ క్లాస్ టీచర్