సాలార్‌జంగ్ దాచిన సంపద, మనం దాచుకోవలసిన పేర్లు

హైదరాబాద్ పాతబస్తీలో నయాపుల్ దాటి దారుల్‌షిఫా వైపు తిరిగితే మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం కనిపిస్తుంది. జిల్లాల నుంచి విహారయాత్రకు వచ్చే బడిపిల్లల బస్సులు చార్మినార్ తరువాత ఎక్కువగా ఆగేది అక్కడే. ఆ మ్యూజియం వెనుక ఉన్న మనిషి పేరు మీర్ యూసుఫ్ అలీ ఖాన్, అంటే మూడవ సాలార్‌జంగ్.

గిరిజన సంఘం సంచికలో ఒక నవాబు జీవితం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కొమురం భీం, రాంజీ గోండు, సమ్మక్క సారలమ్మల చరిత్రలు మన పిల్లలకు చెబుతూనే ఉన్నాం, చెప్పాలి కూడా. అయితే వస్తువులను సేకరించడం, కాపాడటం, పదిమందికి చూపి వివరించడం అనే పనిలోకి మన సంఘాలు ఇప్పుడిప్పుడే అడుగు పెడుతున్నాయి. ఆ పని ఎలా జరుగుతుందో, అందులో ఏ లోటు మిగిలిపోతుందో తెలుసుకోవడానికి ఈయన జీవితం మంచి పాఠం.

పుట్టుక, పదవి

యూసుఫ్ అలీ ఖాన్ 1889 జూన్ నెలలో పూణేలో పుట్టారు. తాత మీర్ తురాబ్ అలీ ఖాన్, మొదటి సాలార్‌జంగ్, 1853 నుంచి 1883లో చనిపోయేదాకా నిజాం రాజ్యానికి దివాన్. రెవెన్యూ, న్యాయ వ్యవస్థలను సంస్కరించిన దక్షుడిగా ఆయనకు పేరు. తండ్రి మీర్ లాయక్ అలీ ఖాన్, రెండవ సాలార్‌జంగ్, ఆయన కూడా కొంతకాలం దివాన్‌గా చేశారు. బిడ్డ పుట్టి నెల తిరగకముందే ఆ తండ్రి చనిపోయారు. పసిబిడ్డకు మిగిలింది పెద్ద జాగీరు, పెద్ద ఇంటి పేరు, తాత తండ్రులు కొని ఉంచిన వస్తువులు.

1911లో ఉస్మాన్ అలీ ఖాన్ ఏడవ నిజాంగా గద్దెనెక్కారు. మరుసటి ఏడాది, 1912లో, యూసుఫ్ అలీ ఖాన్‌ను ప్రధానమంత్రిగా నియమించారు. అప్పటికి ఆయన వయసు 23 ఏళ్లు. రెండేళ్లకే, 1914 నవంబరులో, ఆ పదవి నుంచి తప్పుకున్నారు. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. పెళ్లి కూడా చేసుకోలేదు. ఆ తరువాత 35 ఏళ్లు ఆయన చేసిన ముఖ్యమైన పని ఒక్కటే, కళావస్తువులు సేకరించడం.

దివాన్ దేవ్డీలో చేరిన వస్తువులు

వీరి నివాసం దివాన్ దేవ్డీ. చార్మినార్‌కు, మూసీకి మధ్య ఉన్న పెద్ద భవన సముదాయం అది. నవాబు వస్తువులు కొంటారన్న సంగతి తెలిసి వ్యాపారులు దూరదేశాల నుంచి సరుకు తెచ్చి ఆ వాకిట నిలబడేవారు. ఆయన కూడా ఐరోపా, మధ్యప్రాచ్య దేశాలు తిరిగి కొన్నారు. విదేశాల్లో ఆయన తరఫున కొనే మనుషులు ఉండేవారు. చైనా పింగాణీ, పర్షియా తివాచీలు, జపాన్ చెక్కడాలు, ఫ్రాన్స్ ఫర్నిచర్, బీదర్ నుంచి బిద్రీ పాత్రలు, మొగలు కాలపు కత్తులు, తాళపత్రాలు, చేతిరాత ఖురాన్‌లు, చివరకు పిల్లల ఆటబొమ్మలు కూడా ఆ ఇంటికి చేరాయి.

పేరుపడిన ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మను మాత్రం ఆయన కొనలేదు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ బొమ్మను తాతగారు 1876లో రోమ్‌లో కొన్నారు. అంటే ఈ సేకరణ మూడు తరాలది. కాకపోతే అందులో ఎక్కువ భాగం మనవడు చేర్చిందే. ఇప్పుడు మ్యూజియంలో 40,000కు పైగా కళాఖండాలు, వేల సంఖ్యలో వ్రాతప్రతులు, పెద్ద గ్రంథాలయం ఉన్నాయి.

ఇంత సొమ్ము ఎక్కడిదో కూడా పిల్లలకు చెప్పాలి. జాగీరు ఊళ్ల రైతులు కట్టిన శిస్తే ఆ సొమ్ము. ఈయన దివాన్ దేవ్డీలో గదుల నిండా వస్తువులు సర్దుకుంటున్న కాలంలోనే, అదే రాజ్యంలో, ఆసిఫాబాద్ అడవుల్లో మనవాళ్లు సాగు చేసుకునే భూమి కోసం, పశువుల మేత కోసం కొట్లాడారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగారు. అప్పటికి యూసుఫ్ అలీ ఖాన్ పదవిలో లేరు, ఆ కాల్పులకు ఆయనను బాధ్యుణ్ని చేయలేం. కానీ ఒకే రాజ్యపు ఖజానా, ఒకే కాలం. పింగాణీ గది చూపించినప్పుడు జోడేఘాట్ కూడా చెబితేనే చరిత్ర పూర్తవుతుంది. మేము మా పిల్లలకు ఆ రెండూ కలిపే చెబుతాం.

తలుపులు తెరుచుకున్న విధం

1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆరు నెలలు తిరగకముందే, 1949 మార్చి 2న, యూసుఫ్ అలీ ఖాన్ చనిపోయారు. వయసు 59. సంతానం లేదు. అదే ఏడాది ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. నేరుగా వారసుడు లేని ఇల్లు, వేల వస్తువులు, హక్కు కోరే బంధువులు. ఆ సమయంలో సేకరణ ముక్కలు ముక్కలుగా పంచుకుపోయి ఉంటే ఈ రోజు మనం చూడటానికి ఏమీ మిగిలేది కాదు.

అలా జరగకుండా ప్రభుత్వం ఎస్టేటుకు ఒక కమిటీ వేసింది. అప్పుడు రాజ్యపాలన చూస్తున్న వెల్లోడి సేకరణను మ్యూజియంగా మార్చాలని తలపెట్టారు. వస్తువులను ఒక వరుసలో పెట్టే పనికి జేమ్స్ కజిన్స్ సాయం తీసుకున్నారు. ఈ ఐరిష్ కవి మనకు కొత్తవాడు కాదు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నది ఆయనే. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చింది ఆయన ఆహ్వానం మీదే. మైసూరులో, తిరువనంతపురంలో చిత్రశాలలు ఏర్పడటంలోనూ ఆయన చెయ్యి ఉంది.

1951 డిసెంబరు 16న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవ్డీలోనే మ్యూజియాన్ని ప్రారంభించారు. నిన్నటిదాకా నవాబు అతిథులు మాత్రమే చూసిన గదుల్లోకి రిక్షా తొక్కేవాడు, కూరగాయలమ్మే అమ్మ కూడా అడుగు పెట్టగలిగారు. 1958లో వారసులు హైకోర్టు ద్వారా రాజీకి వచ్చి సేకరణను జాతికి వదిలారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మ్యూజియం ఇప్పుడున్న కొత్త భవనంలోకి మారింది. సేకరించింది ఒక మనిషే అయినా, దాన్ని అందరిదిగా చేయడానికి కమిటీ, కోర్టు, పార్లమెంటు, దాదాపు 20 ఏళ్ల కాలం పట్టాయి.

చూడటం వేరు, తెలుసుకోవడం వేరు

తలుపు తెరిస్తే సరిపోదని మాకు పిల్లలతో వెళ్లినప్పుడు అర్థమైంది. కిందటేడు రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి హాస్టల్ ఆడపిల్లలను మ్యూజియానికి తీసుకెళ్లాం. మొదటి గంటలో వాళ్లు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరుగులు పెట్టారు. గడియారం ఎక్కడ, గడియారం ఎక్కడ అన్నదే వాళ్ల ప్రశ్న. మధ్యాహ్నం 12 గంటలకు ఆ గడియారంలోంచి చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొట్టే వేడుకను అందరితో పాటు కింద కూర్చుని చూశారు, చప్పట్లు కొట్టారు. అది సంబరమే, చదువు ఇంకా మొదలుకాలేదు.

చదువు మొదలైంది కంచు విగ్రహాల దగ్గర. దక్షిణాది కంచు విగ్రహాలను ఎలా పోతపోస్తారో అక్కడ ఒకరు తెలుగులో వివరిస్తున్నారు. ముందు మైనంతో బొమ్మ చేస్తారు, దాని మీద మట్టి పూస్తారు, వేడి చేస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. ఇది వింటుండగా జైనూరు వైపు నుంచి వచ్చిన ఏడో తరగతి పిల్ల ముందుకు జరిగింది. తమ ఇంట్లో కూడా ఇలాగే చేస్తారని చెప్పింది. తమవాళ్లు లోపల మట్టి ముద్ద పెడతారని, దాని మీద మైనం దారాలు చుడతారని, అందుకే తమ బొమ్మ లోపల డొల్లగా, తేలికగా ఉంటుందని చేతులతో చూపించింది. ఆ పిల్లది ఓజా కుటుంబం. గోండు గూడేలకు దేవుళ్ల ప్రతిమలు, గంటలు, నగలు పోతపోసి ఇచ్చేది ఓజాలే. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆదిలాబాద్ డోక్రా వాళ్ల చేతిపనే.

వివరిస్తున్న వారు తన మాట ఆపి ఆ పిల్ల మాట విన్నారు. చుట్టూ ఉన్న సందర్శకులూ విన్నారు. ఏ తరగతిలోనూ నోరు విప్పని పిల్ల ఆ రోజు పదిమందికి పాఠం చెప్పింది. కళాచరిత్ర ఉపన్యాసం అంటే పెద్ద చదువుల వాళ్ల వ్యవహారం అనుకుంటాం. అది తెలిసిన భాషలో, వస్తువు ఎదుట నిలబడి చెబితే, వినేవాళ్లలోంచి చెప్పేవాళ్లు పుడతారు.

సాలార్‌జంగ్ మ్యూజియం ఇలాంటి పనులు చేస్తూనే ఉంది. ఏటా జూన్‌లో నవాబు జయంతి సందర్భంగా, మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినం నాడు ఉపన్యాసాలు, ప్రత్యేక ప్రదర్శనలు, పిల్లలకు బొమ్మల పోటీలు పెడుతుంటారు. చేతితో చేసి నేర్చుకునే వర్క్‌షాపులకు మామూలు జనం కూడా వెళ్లవచ్చు. మన సంఘాల వాళ్లు, హాస్టళ్ల వాళ్లు ఈ తేదీలు చూసుకుని పిల్లలను తీసుకెళితే గడియారంతో పాటు ఇంకేదైనా ఇంటికి తెచ్చుకుంటారు.

మిగిలిపోయిన లోటు

యూసుఫ్ అలీ ఖాన్ వస్తువును ప్రేమించారు, అందులో సందేహం లేదు. కానీ ఆయన కాలపు సేకరణలన్నిటిలో ఉన్న లోటు ఇక్కడా ఉంది. జహంగీరు కత్తి, నూర్జహాను చాకు అని వాడినవారి పేర్లు తెలుస్తాయి. బిద్రీ హుక్కా బుడ్డి మీద వెండి తీగను సన్నగా పొదిగిన చేతుల పేరు చాలాచోట్ల తెలియదు. బీదర్ కోట మట్టితో రుద్ది ఆ పాత్రకు నల్లరంగు తెప్పించిన మనిషి ఎవరో, ఏ వాడలో ఉండేవాడో చీటీ మీద ఉండదు. కొన్నవారి పేరు భవనం మీద ఉంది, చేసినవారి పేరు లోపల కూడా లేదు.

మన వస్తువులకు కూడా ఇదే గతి పడుతోంది. మాసబ్ ట్యాంక్‌లోని నెహ్రూ శతాబ్ది గిరిజన మ్యూజియంలో మన తెగల నగలు, పనిముట్లు, వాయిద్యాలు భద్రంగా ఉన్నాయి. ఊళ్లలో మిగిలినవాటి సంగతి వేరు. గుస్సాడీ నెమలీకల టోపీ, కోయల కథల పడిగె, నాయకపోడుల దేవర ముఖాలు, బంజారా అద్దాల కుట్టు రవిక, ఇవన్నీ చేసే చేతులు ఏటేటా తగ్గుతున్నాయి. పడిగె గుడ్డ బీరువాలో దాచవచ్చు. దాని మీద ఉన్న బొమ్మల వరుసను పాడి చెప్పే డోలి కోయ పెద్ద లేకపోతే ఆ గుడ్డ మూగదైపోతుంది.

మేము మొదలుపెట్టిన పని

మ్యూజియం నుంచి వచ్చాక ఆ ఓజా పిల్ల తల్లిని హాస్టల్‌కు పిలిచాం. రెండు ఆదివారాలు వరండాలో కూర్చుని పిల్లలకు మట్టి ముద్ద చేయడం, మైనం సాగదీసి దారం తీయడం, దాన్ని చుట్టడం నేర్పింది. ఇత్తడి కరిగించే పని పిల్లలతో చేయించలేదు, అది ఇంటి దగ్గర కొలిమిలో ఆమే చేసి తెచ్చి చూపింది. కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి కాబట్టి ఆ రెండు రోజుల కూలి ఇచ్చాం. వర్క్‌షాపు పెట్టేవాళ్లు ఈ మాట మరవకూడదు. నేర్పేవారికి శాలువా కన్నా ముందు కూలి ముట్టాలి.

ఆ తరువాత పిల్లలు ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క అట్టముక్క రాశారు. అందులో ఆరు గడులు. వస్తువు పేరు మన భాషలో. తెలుగులో పేరు. చేసినవారి పేరు. ఊరు. ఏ పండుగకు, ఏ పనికి వాడతారు. చేసిన ఏడాది. పెద్ద మ్యూజియంలో రిజిస్టరు ఉన్నట్టే ఇది మా రిజిస్టరు. ఇంతకు మించిన ఖర్చేమీ లేదు.

నవాబు 35 ఏళ్లు కూడబెట్టారు, ప్రభుత్వం కాపాడింది, ఉపన్యాసాలు, వర్క్‌షాపులు దాన్ని జనానికి దగ్గర చేశాయి. మన దగ్గర జాగీరు లేదు, దివాన్ దేవ్డీ లేదు. చేసినవారు మాత్రం ఇంకా మన మధ్యే ఉన్నారు, అడిగితే పేరు చెబుతారు. ఈ సంచిక చదివిన ప్రతి కుటుంబం ఇంట్లో ఉన్న ఒక్క పాత వస్తువుకైనా ఆ ఆరు గడులు నింపి సంఘానికి పంపాలని కోరుతున్నాం. మూడో గడి ఖాళీగా ఉంచకండి. ఇంట్లో పెద్దవాళ్లను ఈ వారమే అడగండి.