బంతాట ఒజ్జ: సయ్యద్ అబ్దుల్ రహీం

పామిడి దగ్గర పెన్న ఏడాదిలో అధికభాగం ఇసుకగానే కనిపిస్తుంది. ఆ ఇసుకలో ఉత్తకాళ్లతో పరుగెత్తిన పిల్లవానికి ఎవరూ చెప్పకనే ఒక సంగతి తెలిసిపోతుంది: ఎండిన నేలమీద పాదమును మించిన జోడు లేదు. వేళ్లు నేలను పట్టుకొంటవి; బంతి కాలికి అంటుకొన్నట్లే ఉంటుంది. మన దేశమున ఫుట్‌బాల్ ఆడిన తొలితరములవారి విశ్వాసం కూడ ఇదే. 1948లో లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సుతో తలపడి రెండు గోల్స్‌కు ఒకటిగా ఓడినపుడు మన జట్టులో చాలమంది పాదరక్షలు లేకుండానే ఆడినారు, చూచినవారు ముచ్చటపడినారు. నాలుగేండ్ల తరువాత, 1952లో, హెల్సింకి చలిలో ఆ ముచ్చట తీరిపోయినది. యుగోస్లావియా పది గోల్స్ చేయగా మనవారు చేసినది ఒక్కటి. ఆ జట్టును తీర్చి తీసుకొనిపోయిన శిక్షకుడు హైదరాబాదు బడిపంతులు, సయ్యద్ అబ్దుల్ రహీం.

అంతటి పరాభవం పొందిన శిక్షకుని పేరు సాధారణంగా అక్కడితో మాసిపోవలెను. రహీం పేరు మాసిపోలేదు. ఓటమిని ఆయన ఒక తప్పుల పట్టికగా చదువుకొన్నాడని తరువాతి పది సంవత్సరముల చరిత్ర చెప్పుచున్నది. ఆ ఓటమి తరువాతనే భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆటగాండ్రకు బూట్లు తప్పనిసరి చేసినది. కాని బూట్లు తొడిగించినంతమాత్రాన ఆట మారదు. మారవలసినది ఆటగాని బుద్ధి. రహీం పని అక్కడ మొదలైనది.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, అక్కడి జట్టులో ఆడి, పట్టా పుచ్చుకొని ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించినారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పిల్లలకు చదువు చెప్పినారు. వ్యాయామవిద్యలో కూడ అర్హత సంపాదించి బడుల ఆటల బాధ్యత వహించినారు. 1940 తరువాతి తొలి సంవత్సరములలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, జీవితాంతం ఆ భారం మోసినారు. కార్యదర్శి పదవి అనగానే కుర్చీ, కాగితములు, సమావేశములు స్ఫురించుట సహజం. ఈ కార్యదర్శి మాత్రం సంఘమును ఒక పెద్ద బడిగా చేసుకొన్నాడు.

ఆయన నడిపిన పోటీలను గూర్చి కొంత వివరంగా చెప్పవలెను. ఆయన విద్య సారమంతయు వానిలో ఉన్నది. బంతిని తన దగ్గర ఉంచుకొని ఎదుటివారిని ఒక్కొక్కరినే తప్పించుకొనిపోవుట నిషిద్ధమైన పోటీలు కొన్ని: బంతి అందగానే మరొకనికి అందించి తీరవలెను. ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడవలసిన పోటీలు మరికొన్ని. కుడికాలి వాటమున్నవాడు ఎడమకాలితో తడబడుచు ఆడుట చూచి జనం నవ్వియే ఉందురు. కాని సుళువుగా వచ్చుదానిని పక్కన పెట్టించి, రానిదానిని చేయించుట మంచి పంతులు పాతకాలమునుండి ఎరిగిన పద్ధతి. వ్యాకరణం రాని విద్యార్థికి పద్యములు వల్లెవేయించుటతో సరిపెట్టిన ఉపాధ్యాయుడు వానికి మేలు చేయడు. పొట్టివారికని ఎత్తు హద్దుతో కూడ ఆయన పోటీలు పెట్టించినాడు. భారీకాయులమధ్య నలిగిపోవు చిన్నవానికి నేర్పు చూపుటకు చోటు దొరికినది.

1950లో ఆయన హైదరాబాదు నగర పోలీసు జట్టు శిక్షణ చేపట్టినారు. బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచినది. కలకత్తా మహాసంఘములకు ఫుట్‌బాల్ సొంత ఆస్తియని తలచు కాలమది. దక్కనునుండి వచ్చిన పోలీసులు ఆ తలంపును సడలించినారు. ఢిల్లీలోని డ్యూరాండ్ కప్పు కూడ ఆయన కాలమున నాలుగుసార్లు ఈ పోలీసులదైనది. 1961 నాటికి వారి జట్టు పేరు ఆంధ్ర పోలీసు. రాష్ట్రముల పోటీయైన సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57లోను, మరుసటి యేడును గెలిచినది.

సికింద్రాబాదు శివారు అమ్ముగూడకు చెందిన పేదయింటి పిల్లవాడు తులసీదాస్ బలరాం. శిక్షణకై హైదరాబాదు వచ్చిపోవుటకు వానికి పైకము లేదు. అద్దె సైకిలుకై రహీం సాహెబు రోజుకు ఒక రూపాయి ఇచ్చెడివారని బలరాం పెద్దవాడైన తరువాత చెప్పుకొన్నాడు. బడిపంతులు జీతములో ఆ రూపాయి చిన్నది కాదు.

భారత జట్టుతో ఆయన విజయములు 1951లోనే మొదలైనవి. ఆ యేడు ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరానును ఒక్క గోలుతో ఓడించి మనవారు స్వర్ణం గెలిచినారు. గోలు మేవాలాల్‌ది, నాయకత్వం శైలేన్ మన్నాది. ఆ మరుసటి సంవత్సరమే హెల్సింకి. 1956 మెల్బోర్న్ నాటికి జట్టు రూపు మారిపోయినది. ముందువరుసలో ఉండవలసినవానిని కొంత వెనుకకు దించి, వానిని కాపలా కాయువానిని తికమకపెట్టుట హంగరీవారు 1953లో ఇంగ్లండును ఆరు గోల్స్‌కు మూడుగా ఓడించి లోకమునకు చూపిన ఉపాయం. రహీం దానిని శ్రద్ధగా పరిశీలించి, మనవారి కాళ్లకు తగినట్లు మలచుకొన్నారు. ఆస్ట్రేలియాపై నాలుగు గోల్స్‌కు రెండుగా గెలుపు. అందు మూడు నెవిల్ డిసౌజావి. సెమీఫైనలులో మళ్లీ అదే యుగోస్లావియా. తొలి గోలు మనదే! చివరకు నాలుగు గోల్స్‌కు ఒకటిగా ఓడినమాట నిజమే. కాని పదికి ఒకటి ఎక్కడ, నాలుగుకు ఒకటి ఎక్కడ? కాంస్యమునకై బల్గేరియాతో ఆడి ఓడి, భారతదేశం నాలుగవస్థానమున నిలిచినది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంత ఎత్తుకు మనవారు మరల పోలేదు.

1960 రోములో ఫ్రాన్సుతో సరిసమానంగా ఆడినను, హంగరీ, పెరూల చేతిలో ఓడి వెనుదిరిగినారు. ఆ జట్టులో రహీం కుమారుడు హకీం కూడ ఉన్నాడు. ఒక్క ఆటలోను మైదానమున దిగలేదు. తండ్రి శిక్షకుడైయుండగా కొడుకు బయట కూర్చుండుట ఏ ఇంట చూచినను కష్టమైన విషయమే. రహీం న్యాయబుద్ధికి నిదర్శనమేదని అడిగిన ఇంతకు మించినది చూపనక్కరలేదు.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలనాటికే ఆయన ఆరోగ్యం క్షీణించుచుండెను. తొలి ఆటలోనే దక్షిణకొరియా చేతిలో రెండు గోల్స్‌తో ఓటమి. థాయిలాండ్, జపాన్‌లపై గెలిచినారు గాని, జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. గోలుకు అడ్డుగోడవలె నిలుచు ఆ వెనుకవరుసవానిని రహీం ముందువరుసకు పంపినారు. సాహసమా, మొండితనమా అని ఆనాడు ఎవరికైన తోచియుండును. దక్షిణ వియత్నాంతో సెమీఫైనలులో జర్నైల్ గోలు చేసినాడు; మూడుకు రెండుగా గెలుపు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానీయకపోవుటను భారత ప్రతినిధి సోంధీ తప్పుపట్టినందున స్థానికులు మనవారిపై మండిపడుచుండిరి. సెప్టెంబరు 4న ఫైనలులో మన ఆటగాండ్రు బంతి తాకినపుడెల్ల కిక్కిరిసిన ప్రేక్షకులు ఎగతాళి చేసినారు. జ్వరముతో లేచిన పీటర్ తంగరాజ్ గోలు కాపలా కాచినాడు. పి.కె. బెనర్జీ ఒకటి, కట్టుతలతో జర్నైల్ ఒకటి గోల్స్ చేసినారు. కొరియా ఒక్కటి మాత్రమే తీర్చుకొన్నది. చునీ గోస్వామి నాయకత్వమున స్వర్ణం వచ్చినది.

ఇంటికి వచ్చిన రహీం మరుసటి సంవత్సరం, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సరుతో కన్నుమూసినారు. వయస్సు 53. భారత ఫుట్‌బాల్ ఆసియా క్రీడలలో మరల స్వర్ణం చూడలేదు. రోము తరువాత ఒలింపిక్స్‌కును పోలేదు. ఇది ఆయన లోటువల్లనే యని నిర్ణయించుట తొందరపాటగును. ఇతరదేశములు సాగినవి, మన సంఘములు తగవులలో పడినవి, హైదరాబాదు మైదానములలో క్రికెట్టు నిండినది. కాని ఎడమకాలితో ఆడించు పోటీలు ఆయన వెనుక ఎవరు సాగించినారు?

శిక్షకులను సత్కరించు ద్రోణాచార్య పురస్కారం 1985లో ఏర్పడినది. అప్పటికి ఆయన పోయి 22 ఏండ్లు. ఆయన జీవితముపై హిందీలో తీసిన మైదాన్ చిత్రం 2024లో విడుదలైనది. రోములో బయట కూర్చున్న హకీం, తరువాత తానును శిక్షకుడై, అంతర్జాతీయ రిఫరీయై, 2021 ఆగస్టులో మరణించినారు. సైకిలు అద్దె పుచ్చుకొన్న బలరాం 2023 ఫిబ్రవరిలో పోయినారు. ఆ చిత్రం చూచుటకు ఇద్దరిలో ఎవరును మిగులలేదు.