యల్లాప్రగడ సుబ్బారావు

పామూరు వంటి చిన్న పట్టణములలో గూడ నేడు రక్తములోని చక్కెరను కొలుచుట సామాన్యమైన విషయము. మధుమేహమున్నదేమో యని చూచు వైద్యుడు రోగి నడుము చుట్టుకొలతను గూడ తీసికొనుట కలదు. రక్తములోని చక్కెరకును, పొట్టపై పేరిన కొవ్వునకును సంబంధమేమని మీకు సందేహము కలుగవచ్చును. ఆ సంబంధమును గ్రహింపవలెనన్న, దేహము తాను తిన్న అన్నమును శక్తిగా మార్చు విధమును ముందు తెలిసికొనవలెను. ఆ విధమును లోకమునకు తెలిపినవారిలో నొకడు మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. చదువుపై మనసు నిలువక, కాశీలో యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని బాల్యమున ఇల్లు విడిచి పోగా, తల్లి వెంకమ్మ వెదకి తెచ్చి మరల బడిలో చేర్చెను. మెట్రిక్యులేషనులో మూడవసారి గాని ఆయన ఉత్తీర్ణుడు కాలేదు. ఆ తల్లి పట్టుదలయే లేకున్న ఈ కథయే లేదు.

తరువాత పెద్ద ఆపద వచ్చెను. స్ప్రూ అను సంగ్రహణి వ్యాధిచే కొలది దినముల వ్యవధిలో ఇద్దరు సోదరులు మరణించిరి. ఈ వ్యాధిలో అన్నసారము, అందు ముఖ్యముగా కొవ్వు, ఒంటికి పట్టదు. రోగి తినుచునే శుష్కించిపోవును. సుబ్బారావుకును ఆ వ్యాధియే సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన బ్రతికెను.

మద్రాసులో వైద్యవిద్య ముగించి, భార్య శేషగిరిని స్వదేశముననే విడిచి, ఆయన అమెరికాలోని బోస్టను నగరమునకు పోయెను. చేత డబ్బు లేక ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచు పని చేసెను. 1922లో ఇన్సులినును మొదటిసారి రోగికిచ్చిన తరువాతి దినములవి. హార్వర్డులో ఆయన చేరిన జీవరసాయన శాఖకు ఆటో ఫోలిన్ అధిపతి. రక్తములోని చక్కెరను కొలుచుటకు వైద్యలోకము చిరకాలము వాడిన పద్ధతులలో నొకటి ఫోలిన్, సియెన్ వూ అనువారు కల్పించినదే.

అచట సైరస్ ఫిస్కేతో గూడి సుబ్బారావు 1925లో రక్తమూత్రాదులలోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వారు వెల్లడించిరి. అదే కాలమున జర్మనీలో లోమన్ కూడ ఏ.టి.పి.ని కనుగొనెను. మనము అడుగు తీసి అడుగు వేసినను, రెప్ప వేసినను వ్యయమగునది ఏ.టి.పి.యే. చక్కెరయు కొవ్వును దహింపబడి దానిని మరల మరల నింపుచుండును.

మధుమేహమున కలుగు చిక్కు ఇచటనే యున్నది. రక్తములోని చక్కెర కండరములలోనికి పోవుటకు ఇన్సులిన్ ద్వారము తెరచును. ఖర్చు కాని యన్నము కొవ్వుగా నిలువయగును. ఆ కొవ్వు చర్మము క్రింద నుండక పొట్టలోను, కాలేయమునందును, కండరములందును చేరినచో ఇన్సులిన్ ఆజ్ఞ చెల్లదు. చక్కెర రక్తములోనే నిలిచి, మితిమీరినప్పుడు మూత్రముతో పోవును. అన్నముండియు దేహము పస్తుండుట యన్నమాట! మనదేశీయులలో కాలుసేతులు సన్నగా నుండి పొట్ట మాత్రము పెరిగినవారు పెక్కుమంది కలరు. అందువలననే మనకు నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదని వైద్యులు నిర్ణయించిరి. పనిచేయు కండరములో ఏ.టి.పి. వ్యయమగుచుండగా, అది ఇన్సులిన్ సాయము లేకయే చక్కెరను గ్రహింపగలదు. పొలమునకు నడచిపోవువానికి గల లాభమిది.

సుబ్బారావు మధుమేహమునకు మందు కనుగొనలేదు. హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవియు దొరకలేదు. 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలో చేరెను. సోదరుల మరణము నాయన మరువలేదు కాబోలు! 1945లో అచట ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సంగ్రహణి రోగులకు అది మందయ్యెను. 1948 ఆగస్టులో తన యేబదిమూడవయేట సుబ్బారావు న్యూయార్కు నగరమున కన్నుమూసెను. మరల స్వదేశమును చూడనేలేదు.